ఇంకెందుకూ పనికిరాని గది కట్టుకోండి

ప్రశ్న: మా ఇంటి వెనక పెరట్లో 12 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు జాగా ఖాళీగా ఉంది. ఇంట్లో ఆరుగురం: నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు. అందరూ మంచివాళ్లే, గొడవలేమీ లేవు. కానీ తలుపేసుకుని ఓ గంట కూర్చోవడానికి నాకంటూ చోటు లేదు. పుస్తకం తెరిస్తే చాలు, ఎవరో ఒకరు పిలుస్తారు. పెరట్లో చిన్న గది వేసుకుంటానంటే మా వారు "వేస్తే బాత్రూమ్‌తో సహా సరిగ్గా కట్టేద్దాం, రేపు అద్దెకైనా పనికొస్తుంది" అంటున్నారు. అత్తగారేమో "ఇంట్లో ఇన్ని గదులుండగా పెరట్లో ఒక్కదానివీ ఏం చేస్తావమ్మా" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. నేను అడుగుతున్నది స్వార్థమా? కట్టుకుంటే ఎంత సైజు ఉండాలి? రేకులు మంచివా, స్లాబా? కరెంటు అవసరమా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అత్తగారికి చెప్పాల్సిన జవాబు చాలా చిన్నది. "ఏమీ చేయను అత్తయ్యా, కాసేపు కూర్చుంటాను." అంతే. అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పకండి. చదువుకుంటాను, కుట్టుకుంటాను, లెక్కలు చూసుకుంటాను అని కారణాలు మొదలుపెట్టారో, ఒక్కోదానికీ "అది ఇంట్లోనే చేసుకోవచ్చుగా" అనే మాట సిద్ధంగా ఉంటుంది. పైగా అది నిజం కూడా. చదువుకోవడానికి ప్రత్యేకంగా గది అక్కర్లేదు. ఎవరూ పిలవకుండా ఉండటానికే కావాలి.

స్వార్థమా అన్నారు. మీ ఇంట్లో వాళ్లనే ఒకసారి గమనించండి. మగవాళ్లకి ఉద్యోగమనో పనుందనో బయటికెళ్లే వీలుంటుంది. పిల్లలకి బడి, ఆటలు, స్నేహితులు ఉంటారు. ఎటూ వెళ్లకుండా అందరికీ అందుబాటులో ఉండే మనిషి ఇంటికొకరు ఉంటారు, మీ ఉత్తరాన్ని బట్టి అది మీరే. ఆ మనిషి రోజుకో గంట అందుబాటులో లేకపోతే మొదట్లో ఇల్లు కాస్త గింజుకుంటుంది. తర్వాత అలవాటు పడుతుంది. అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్‌కి 1874లో ఎల్మైరా ఊరి దగ్గర గుట్ట మీద ఎనిమిది పలకల చిన్న గది కట్టించి ఇచ్చింది ఆయన వదినగారే. వేసవికి భార్యాపిల్లలతో ఆవిడ ఇంటికొచ్చే మనిషికి విడిగా కూర్చునే చోటు కావాలని ఆవిడకే తోచింది. చుట్టూ కిటికీలు. ఎండ ముదిరిన రోజుల్లో అన్నీ బార్లా తెరిచి, కాగితాలు ఎగిరిపోకుండా ఇటుక ముక్కలు పెట్టుకుని రాసేవాడాయన. అలాంటి వదినగారు అందరికీ దొరకరు కాబట్టి మన గది మనమే అడిగి కట్టించుకోవాలి.

ఇక మీ వారి మాట. "పనికొస్తుంది" అనే ఆ ఒక్క మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఇలాంటి గదులు వానకో చెదలకో పాడవడం తక్కువ. పనికిరావడం వల్లే పాడవుతాయి. గది ఖాళీగా కనిపిస్తే చాలు, ఇంట్లో ప్రతి ఒక్కరికీ దాంతో ఓ ఉపయోగం గుర్తొస్తుంది. ముందు పాత సైకిల్ వస్తుంది. "నాలుగు రోజులే" అంటూ అట్టపెట్టెలు వస్తాయి. తర్వాత ఎవరో చుట్టాలు వచ్చి పడుకుంటారు. ఏడాది తిరిగేసరికి మీ కుర్చీ మీద పరుపుల దొంతర ఉంటుంది. దీనికి ఎవర్నీ తప్పు పట్టలేం. ఖాళీ జాగా ఇళ్లలో నిలవదు.

ఇంగ్లండ్‌లోని రాడ్‌మెల్ అనే పల్లెలో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కి తోటలో రాసుకునే గది ఉండేది. మొదట్లో అది పనిముట్లు పెట్టుకునే షెడ్డే, దాన్నే బాగుచేయించుకున్నారు. పైన అటక అలాగే ఉంది. అటక ఉంది కాబట్టి తోటలో కాసిన ఆపిల్ పళ్లు దాంట్లో పెట్టేవారు. కింద ఆవిడ రాసుకుంటుంటే నెత్తిమీద భర్తగారు పళ్లు ఏరుతూ ఉండేవారు. అంత పేరున్న రచయిత్రికే అటక తిప్పలు తప్పలేదు. 1934లో ఆ గదిని తోట చివరికి, చర్చి గోడ పక్కకి మార్పించుకున్నారు.

అందుకే నా సలహా ఇది: ఇంకెందుకూ పనికిరాని గది కట్టుకోండి. సైజు దగ్గర్నుంచి కిటికీ దాకా ఏ నిర్ణయమైనా ఈ లెక్కలోనే తీసుకోండి.

అయితే ఏదీ కట్టక ముందు, ఆ పెరట్లో మీరు అనుకుంటున్న చోట ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. ఒక్క పూట కాదు. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, మీకు తీరిక దొరికే వేళల్లో కొన్ని వారాల పాటు. ఎండ ఎటు నుంచి పడుతోంది, గాలి ఎటు తిరుగుతోంది, పక్కింటి మోటారు చప్పుడు ఎంత వినిపిస్తోంది, వాన పడ్డాక నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఇవన్నీ ప్లాను కాగితం చెప్పదు. ఇంకో సంగతి కూడా తేలుతుంది. కుర్చీలో ఉన్న మిమ్మల్ని ఎవరు, దేనికి, ఎన్నిసార్లు పిలుస్తున్నారో చూడండి. కుర్చీలో ఉన్నప్పుడు ఆగని పిలుపులు గోడలు కట్టినంత మాత్రాన ఆగవు. ఆ సంగతి ముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సిందే. కుర్చీ వేసుకున్నాక గది అక్కర్లేదు, నీడ చాలు అనిపించినా మంచిదే. నాలుగు స్తంభాలు, పైన ఓ కప్పు, ఓ పక్క వెదురు తడికతో పని అయిపోతుంది.

గదే కావాలనుకుంటే 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు చాలు. చిన్నదనిపించొచ్చు. నాటక రచయిత బెర్నార్డ్ షా తన తోటలో కూర్చుని నాటకాలు రాసుకున్న గది ఇంచుమించు అంతే. 4 అడుగుల బల్ల, ఒక కుర్చీ, నడుం వాల్చడానికి గోడ వారగా 6 అడుగుల బెంచీ పట్టగా మధ్యలో తిరగడానికి చోటుంటుంది. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి, లోపల జాగా కలిసొస్తుంది. గాలికి కొట్టుకోకుండా బయట గోడకి కొక్కెం మర్చిపోకండి. అటక వద్దు. గోడ అల్మారాలు వద్దు. పుస్తకాలకి ఒకే ఒక్క అర, అదీ కూర్చుంటే చేతికందే ఎత్తులో. డబుల్ కాట్ పట్టే గది మాత్రం కట్టకండి. మంచం పడుతుందని తెలిసిన రోజే అది చుట్టాల గది అయిపోతుంది.

పెద్ద పెద్ద భవనాలు కట్టిన ఆర్కిటెక్టు లె కార్బూజియే తనకోసం దక్షిణ ఫ్రాన్స్ సముద్ర తీరంలో 1952లో కట్టుకున్న చెక్క గది 3.66 మీటర్ల చదరం, అంటే 12 అడుగులు. వంటగది లేదు. పక్కనే ఉన్న హోటల్లో తినేవాడు, అందులోకి ఈ గది నుంచే తలుపు ఉంది. ఆయన కట్టిన మరికొన్ని భవనాలతో పాటు ఈ గదిని కూడా 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. నాకు నచ్చిన విషయం వేరే ఉంది. ఆ గదిలో భార్యతో కలిసి ఉండేవాడు కాబట్టి, పని చేసుకోవడానికి కొంచెం దూరంలో అంతకన్నా చిన్న షెడ్డు ఇంకోటి వేసుకున్నాడు! ఇద్దరు మసిలే చోట ఒంటరితనం కుదరదని ఆయనకీ తెలిసొచ్చింది.

రేకులా స్లాబా అన్నదానికి నా ఓటు రేకులకే, కానీ సరిగ్గా వేస్తేనే. స్లాబు పగలంతా ఎండని పీల్చుకుని, మీరు తీరిగ్గా కూర్చునే సాయంత్రం వేళకి ఆ వేడిని లోపలికి వదులుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, స్లాబు వేస్తే దానిమీద నీళ్ల ట్యాంకు పెడదామనో, పైన ఇంకో గది లేపుదామనో ఎవరికో ఒకరికి తోచి తీరుతుంది. రేకుల మీద ఎవరూ ఏమీ పెట్టలేరు.

రేకుల గది వేడిగా ఉంటుందన్న మాట నిజమే, కానీ తప్పు రేకుది కాదు. ఒట్టి రేకు వేసి వదిలేయడం వల్ల వచ్చే బాధ అది. మిట్టమధ్యాహ్నం కాలిన రేకు కింద కూర్చుంటే గాలి అంత వేడిగా లేకపోయినా మాడు మండిపోతుంది, ఎందుకంటే రేకు నుంచి వేడి సెగలా నేరుగా మీ నెత్తిమీదికే దిగుతుంది. ఆ రేకుకీ మీకూ మధ్య ఇంకో పొర అడ్డం ఉండాలి. రేకు పైభాగానికి తెల్ల రంగు వేయించండి. కింద 5, 6 అంగుళాల సందు వదిలి సీలింగ్ కొట్టించండి. ఆ సందుకి రెండు చివరలా తెరుపు ఉంచి, పక్షులూ ఎలుకలూ దూరకుండా జాలీ బిగించండి. సందులో వేడెక్కిన గాలి ఎత్తున్న వైపు నుంచి బయటికి పోతుంటే కింద నుంచి చల్లగాలి వచ్చి చేరుతుంది. ఈ సందుని దుమ్ము పడుతుందని మూసేసే పనివాళ్లు ఉంటారు, దగ్గరుండి చూసుకోండి. సీలింగ్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. తెల్లవారుజామున రేకు చల్లబడి దాని అడుగున మంచు పట్టినట్టు తేమ చేరుతుంది, సీలింగ్ లేకపోతే ఆ చుక్కలు పుస్తకాల మీదే పడతాయి. వాన చప్పుడు కూడా సగం తగ్గుతుంది. కొందరికి ఆ చప్పుడే ఇష్టం, అది మీ ఇష్టం.

వాలు ధారాళంగా ఉంచండి. 8 అడుగుల గదికి ఒక పక్క కన్నా ఇంకో పక్క అడుగున్నర పల్లం ఉంటే నీళ్లు ఆగవు. ఆ పల్లం మీ జాగా వైపే ఉండాలి, పక్కింటి గోడ మీదికి నీళ్లు దూకితే పోయేది ప్రశాంతతే. చూరు గోడ దాటి అడుగున్నర, రెండడుగులు బయటికి రావాలి. రేకులకి స్క్రూలు బిగించేటప్పుడు కాసేపు అక్కడే నిలబడండి. ముడతల రేకులో ఎత్తుగా ఉన్న చోటే స్క్రూ దిగాలి, నీళ్లు పారే పల్లంలో కాదు. రబ్బరు వాషరు కాస్త నొక్కుకునేంత వరకే బిగించాలి. గట్టిగా ఉంటుందని మరీ బిగిస్తే వాషరు చీలి, రెండో వానకే కారడం మొదలవుతుంది. ఫ్రేముని పునాదిలో దిగిన బోల్టులకి కట్టించండి, తేలిక గదిని పెనుగాలి కింద నుంచి ఎత్తేస్తుంది. సిమెంటు రేకులు చవకని తెస్తే మాత్రం వాటిలో ఆస్బెస్టాస్ లేదని రూఢి చేసుకోండి. ఆస్బెస్టాస్ ఉన్న రేకుని కోసినా, బెజ్జం పెట్టినా వచ్చే పొడి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

నేల మట్టం పెరడు కన్నా అడుగు, అడుగున్నర ఎత్తు ఉండాలి. తడీ రాదు, పురుగూ పుట్రా రాదు. చెక్క వాడితే అది ఎక్కడా మట్టికి తగలకూడదు, చెదలకి దారి అదే. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు, డ్రైనేజీ మూతల మీద గది రాకూడదు. మూత తెరవాల్సిన రోజు తప్పకుండా వస్తుంది.

కిటికీ విషయంలో నాకు ఓ పట్టుదల ఉంది. తలుపు ఇంటి వైపు ఉండొచ్చు, కిటికీ మాత్రం వంటింటి వైపు వద్దు. కూర్చున్న చోటు నుంచి వంటింటి దీపం కనిపిస్తే మీరు లేచి వెళ్లిపోతారు, ఎవరూ పిలవక్కర్లేదు. చెట్టు వైపో, ప్రహరీ గోడ వైపో, ఆకాశం కనిపించే వైపో పెట్టించుకోండి. గాలి ఆడాలంటే ఎదురెదురు గోడల్లో రెండు తెరుపులు ఉండాలి, ఒకటి కూర్చున్న ఎత్తులో, ఇంకోటి కప్పు కింద. కుడిచేత్తో రాసేవారైతే బల్లకి ఎడమ పక్క నుంచి వెలుతురు రావాలి, రాసే చేతి నీడ కాగితం మీద పడదు. ఎండలు మండే చోట పడమటి గోడకి కిటికీ వద్దు. చలి ప్రాంతాల్లో లెక్క తిరగబడుతుంది, అక్కడ సూర్యుణ్ణి వెతుక్కోవాలి. షా తన గదిని ఇరుసు మీద నిలబెట్టించుకున్నది అందుకే. ఎండ ఎటు జరిగితే గదిని అటు తిప్పుకునేవాడు.

కరెంటు ఉండాలి, కానీ కొంచెమే. ఒక లైటు, ఒక ఫ్యాను, రెండు ప్లగ్ పాయింట్లు. టీవీ పెడితే నలుగురు చేరతారు. ఫ్రిజ్ పెడితే ఆరుగురూ చేరతారు. ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కోవడం మాత్రం ఒక్క రోజుకి కూడా వద్దు. కేబులుని పైపులో వేసి, పలుగూ పారా తగలనంత లోతులో, సుమారు 2 అడుగుల కింద పాతించండి. గదికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. తడి నేల మీద నిలబడి స్విచ్ ముట్టుకునే చోటు అది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. చలికాలంలో వెచ్చదనం కోసం బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు, మూసిన చిన్న గదిలో ప్రాణాలు తీస్తుంది. వైఫై అందకపోతే అందకపోనివ్వండి.

బాత్రూమ్ వద్దు. నీళ్ల పైపులు, మురుగు పైపులు, వాటి వాలు, గోడల చెమ్మ అన్నీ కలిసి చిన్న పనిని పెద్ద పని చేస్తాయి. అంతకన్నా ముఖ్యం, నీళ్లూ పడకా చేరిన మరుక్షణం అది ఇల్లవుతుంది, ఇల్లయ్యాక అద్దెకి ఇవ్వాలనే అనిపిస్తుంది. చాలా చోట్ల నిబంధనల్లో కూడా కూర్చునే షెడ్డుకీ మనుషులు కాపురం ఉండే గదికీ తేడా చూస్తారు. ప్రహరీ నుంచి ఎంత జాగా వదలాలి, ఎంత ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదు అన్నది ఊరూరికీ మారుతుంది, మీ స్థానిక కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. పని మొదలయ్యాక తెలిస్తే ఆ టెన్షన్ వేరు. మీ వారితో అద్దె గది సంగతి అడ్డంగా వాదించకండి. "అద్దెకి కడితే ఆ లెక్క వేరు, అది విడిగా మాట్లాడుకుందాం, ఇది మాత్రం నాకు" అనండి. రెండు ఆలోచనల్నీ ఒకే గదిలో ఇరికిస్తే గెలిచేది అద్దే.

గది కట్టాక నిలబెట్టుకోవడం ఇంకో పని. షా తన గదికి "లండన్" అని పేరు పెట్టుకున్నాడని చెబుతారు. ఎవరైనా వచ్చి అడిగితే ఇంట్లో వాళ్లు "ఆయన లండన్‌లో ఉన్నారండీ" అని చెప్పి పంపేసేవారట, అబద్ధమూ కాదు. మీకంత నాటకం అక్కర్లేదు గానీ, వేళ మాత్రం ఖాయం చేసుకోండి. "తీరిక దొరికినప్పుడు వెళ్తాను" అంటే ఆ తీరిక ఎప్పటికీ దొరకదు. ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని అందరికీ చెప్పండి. ఏ పనికి తలుపు తట్టొచ్చో కూడా ముందే తేల్చండి. దెబ్బ తగిలితే తట్టాలి, జ్వరమొస్తే తట్టాలి, రిమోట్ కనిపించకపోతే తట్టకూడదు. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్లండి.

మీరు లేనప్పుడు పిల్లలు వాడుకోవచ్చా అంటే, నేనైతే వద్దనే అంటాను. వాళ్లకి ఓ దుప్పటితో పెరట్లోనే గుడారం వేసివ్వండి, దాంట్లోకి మీరు అడక్కుండా వెళ్లకండి. వాళ్లకీ మీ గది సంగతి అర్థమవుతుంది. అత్తగారి విషయం వేరు. "ఒక్కదానివీ ఏం చేస్తావమ్మా" అని అడిగారంటే అది అభ్యంతరమే కానక్కర్లేదు. ఆవిడ కూడా ఇన్నేళ్లూ అందరికీ అందుబాటులో ఉన్న మనిషే. గది పూర్తయ్యాక ఓ మధ్యాహ్నం తాళంచెవి ఆవిడ చేతికిచ్చి, మీరు ఇంట్లో ఉండిపోండి. బయటికొచ్చాక ఎలా ఉందని అడక్కండి.

సైజు, చోటు, కిటికీ ఇవన్నీ కాగితం మీద తేలాకే మేస్త్రీని పిలవండి. కొలతలు చూడగానే ఆయన కూడా "ఇంకో నాలుగడుగులు పెంచితే దేనికైనా పనికొస్తుందమ్మా" అంటాడు. ఆ మాట అనేటప్పుడు మీ వారు పక్కన లేకుండా చూసుకోండి.